గురివింద గింజా, గ్రెయినూ, మా పెద్దాయన కాటా

మొన్నొక ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసేసరికి నేను వేరేవాళ్ళ గ్యారేజీలో ఉన్నాను. ఫోను కాస్త పక్కకి తిరిగింది, బల్ల మీద ఉన్న చిన్న త్రాసు అమ్మ కంట్లో పడింది. "ఒరేయ్ నాన్నా, ఎవరింట్లో ఉన్నావురా? కంసాలి కొట్టులో ఉన్నట్టుందే!" అంది. "ఏం లేదమ్మా, తెలిసినాయన త్రాసు చూసి పెట్టమన్నాడు" అని తప్పించుకున్నాను. త్రాసు సంగతి నిజమే. దాంట్లో తూచేదేమిటో మాత్రం చెప్పలేదు. తూచేది తుపాకీ మందు!

ఆగండాగండి, కంగారు పడకండి. ముందు విషయం చెప్పనివ్వండి.

మేముండేది టెక్సస్‌లో. మా ఆఫీసులో టెస్టింగ్ టీములో ఒక పెద్దాయన ఉండేవాడు, రెండేళ్ళ కింద రిటైరయ్యాడు. సాఫ్ట్‌వేర్‌లోకి రాకముందు లేత్ మెషీన్ల మీద పనిచేసినవాడు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో కారు కొనడం దగ్గర్నుంచి టాక్సులు కట్టడం దాకా అన్నీ దగ్గరుండి చూపించాడు. ఆయన హాబీ తూటాలు రీలోడ్ చేసుకోవడం. ఇక్కడ ఇదేమీ వింత కాదు. వేటకెళ్ళేవాళ్ళూ, గురి చూసి కాల్చే పోటీలకెళ్ళేవాళ్ళూ చాలామంది చేస్తారు. తూటా అంటే నాలుగు ముక్కలు: ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమరు, లోపల మందు, మూతిలో గుండు. కాల్చాక గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమరు పనికిరాదు. ఇత్తడి కేసు మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, సైజు సరిచేసి, మిగతా మూడూ కొత్తవి పెడితే మళ్ళీ తూటా. ఖర్చు కలిసొస్తుందని మొదలుపెడతారు, తర్వాత అదొక పిచ్చిలా పట్టుకుంటుంది. మనవాళ్ళు కొందరు ఫిల్టర్ కాఫీ పొడి పాళ్ళ గురించి గంటలు గంటలు మాట్లాడతారు చూడండి, అలాగన్నమాట.

నాకు తుపాకులంటే ఇష్టం లేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో ఒక బారులో మన తెలుగు ఇంజినీరుని కాల్చి చంపినప్పుడు నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఆ వారం మా హాస్టల్లో వేరే మాట లేదు. అమ్మ అయితే "అమెరికా వద్దు, ఏం వద్దు" అని ఏడాది పాటు అంది. చివరికి వచ్చాననుకోండి. అందుకే పెద్దాయన ఎన్నిసార్లు రేంజికి రమ్మన్నా వెళ్ళలేదు. చట్టం కూడా నా వైపే ఉంది. హెచ్‌1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, నాకు అవేవీ లేవు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఆ చట్టం లెక్కలో తూటాలంటే పూర్తయిన తూటాలే కాదు, ఖాళీ కేసూ, ప్రైమరూ, గుండూ, మందూ కూడా. అందుకని నేను ఆ గ్యారేజీలో త్రాసూ, తూనిక రాళ్ళూ, నా లాప్‌టాపూ తప్ప ఏదీ ముట్టుకోలేదు. ఆయన కూడా ముట్టుకోనివ్వలేదు.

ఇంతకీ నన్నెందుకు పిలిచాడంటే, ఆయనకి చూపు మందగించింది. ముప్ఫై ఏళ్ళుగా వాడుతున్న త్రాసు మీద ముల్లు సన్నగీత దగ్గర ఆగిందో లేదో కనబడటం లేదు. దాంతో ఆరునెలల కింద ఒక చవకరకం ఎలక్ట్రానిక్ కాటా కొన్నాడు. అది ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తోందని అనుమానం. "నువ్వు ఇంజినీరువి కదా, మంచిది ఏది కొనాలో చూసి పెట్టు. శనివారం మనవడు వస్తున్నాడు, వాణ్ణి రేంజికి తీసుకెళ్ళాలి" అన్నాడు. మనవడికి పద్నాలుగేళ్ళు.

నేనేం చేస్తాను? మనం అందరం చేసేదే. రాత్రంతా కూర్చుని కాటాల వివరాలు చదివాను.

ముందు కొలమానం సంగతి. ఇక్కడ మందు తూచేది గ్రాముల్లో కాదు, గ్రెయిన్లలో. ఒక పౌనుకి 7000 గ్రెయిన్లు. ఒక గ్రెయిను అంటే సుమారు 64.8 మిల్లీగ్రాములు. ఇదేం తిక్క కొలతరా బాబూ అనుకున్నాను. కానీ మన తులం కూడా దీంట్లోంచి వచ్చిందేనట! 1833లో ఈస్టిండియా కంపెనీ తులాన్ని 180 గ్రెయిన్లుగా నిర్ణయించింది. అంటే 11.66 గ్రాములు. ఇప్పుడు మన బంగారం కొట్లలో తులం అంటే పది గ్రాములనేసుకుంటున్నారు గానీ, అసలు తులం అదీ. అంతకుముందు మన కంసాళ్ళు గురివింద గింజలతో తూచేవాళ్ళు. ఉత్తరాదిలో దాన్నే రత్తి అంటారు, తులానికి 96. లెక్కేస్తే ఒక గింజ రెండు గ్రెయిన్లకి కాస్త తక్కువ. గ్రెయినూ గింజే, గురివిందా గింజే. బంగారం తూచినా మందు తూచినా మనిషి మొదలుపెట్టింది గింజతోనే.

ఈ పనికి కావాల్సింది గ్రెయినులో పదో వంతు. అంటే ఆరున్నర మిల్లీగ్రాములు, ఒక బియ్యపు గింజలో సుమారు మూడో వంతు బరువు. వంటింటి కాటా ఒక గ్రాము తేడా చూపిస్తుంది. ఒక గ్రామంటే పదిహేనున్నర గ్రెయిన్లు. చిన్న పిస్తోలు తూటాలో పట్టే మందు ఐదారు గ్రెయిన్లే కావచ్చు. అంటే వంటింటి కాటా దీనికి కిలోల కాటాతో కుంకుమపువ్వు తూచినట్టు. ఇంకో ప్రమాదం, ఈ ఎలక్ట్రానిక్ కాటాల్లో గ్రాములకీ గ్రెయిన్లకీ ఒకటే బటను. పొరపాటున వేలు తగిలితే కొలమానం మారిపోతుంది. తెర మీద అంకె పెద్దదిగా, కొలమానం చీమ తలకాయంత ఉంటుంది. చూపు మందగించిన మనిషికి ఇది ఎంత బాగుంటుందో మీరే ఆలోచించండి.

ఇక కాటా రకాలు. ఒకటి ముల్లు త్రాసు. ఒక కమ్మీ, దాని మీద జరిపే బరువులు, ఒక పక్క చిన్న గిన్నె. ఊగిసలాట తొందరగా ఆగడానికి అయస్కాంతం ఉంటుంది. దీనికి కరెంటు అక్కర్లేదు, బాటరీ అక్కర్లేదు, వేడెక్కాల్సిన పని లేదు. కత్తిమొన శుభ్రంగా ఉండి, బల్ల సమంగా ఉండి, గాలి తగలకపోతే ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా అదే చెప్తుంది. ఇబ్బందల్లా నిదానం, కంటిచూపు.

రెండోది మామూలు ఎలక్ట్రానిక్ కాటా. దీంట్లో ఒక లోహపు ముక్క బరువుకి రవ్వంత వంగుతుంది. ఆ వంపుని దాని మీద అంటించిన సన్నటి తీగల నిరోధకతలో మార్పుగా పట్టుకుంటారు. ఆ మార్పు ఎంత చిన్నదంటే గదిలో వేడి మారినా, ఏసీ గాలి తగిలినా, పక్కన సెల్‌ఫోను ఉన్నా అంకె జరగొచ్చు. ఇంకో చిత్రం. అంకె ఊగకుండా ఉండటానికి లోపలి సాఫ్ట్‌వేరు చిన్నచిన్న మార్పుల్ని మింగేస్తుంది. మందు ఒక్కో రవ్వ జారుస్తుంటే కొన్ని కాటాలు కదలవు, ఏమీ పడలేదనుకుంటాయి. గిన్నె ఎత్తి మళ్ళీ పెడితే అప్పుడు నిజం చెప్తాయి. నేను సాఫ్ట్‌వేరువాణ్ణే కాబట్టి ఇది చదివి సిగ్గుపడ్డాను. వాడికి అంకె నిలకడగా కనబడితే చాలు, నిజంగా ఉండక్కర్లేదు అనుకుని ఎవడో మనలాంటివాడే రాసుంటాడు కదా!

మూడోది విద్యుదయస్కాంతంతో బరువుని ఎదురునెట్టి, ఎంత కరెంటు పట్టిందో చూసి తూచే రకం. ప్రయోగశాలల్లో వాడేది. చాలా మంచిది, ధర కూడా అలాగే ఉంటుంది.

నేను మూడోది కొనమని చెబుదామనే వెళ్ళాను. కానీ వెళ్ళేముందు ఒక పని చేశాను. ఒక చిన్న తూనిక రాళ్ళ పెట్టె తెప్పించాను. అంతర్జాతీయ లీగల్ మెట్రాలజీ సంస్థ వర్గీకరణలో ఎం1 తరగతివి. ఆ తరగతిలో 500 మిల్లీగ్రాముల రాయికి ఒప్పుకునే తప్పు 0.8 మిల్లీగ్రాములు. అంటే గ్రెయినులో వందో వంతు చిల్లర. మన అవసరానికి బోలెడు. ఇందులో కిటుకు ఒకటుంది. కాటాతో పాటు ఇచ్చే రాయి యాభై గ్రాములో వందో ఉంటుంది. మనం తూచేది గ్రాములో మూడో వంతు! కిలో దగ్గర సరిగ్గా ఉన్న కాటా పావు తులం దగ్గర సరిగ్గా ఉంటుందని హామీ ఏముంది? పైగా ఆ రాయీ ఆ కాటా ఒకే పెట్టెలోంచి వచ్చాయి. రాయి తప్పయితే కాటా ఆ తప్పునే నేర్చుకుని, రెండూ "మేం కరెక్టే" అని ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి. కోడు రాసినవాడే టెస్టు కూడా రాసినట్టు. పోయినేడు నేను పెట్టిన ఒక మానిటరింగ్ తెర మూడు రోజులు పచ్చగా వెలిగింది, వెనకాల సర్వీసు పడిపోయి ఉన్నా సరే. ఎందుకంటే రెండూ ఒకే తప్పుడు సెట్టింగు చదువుతున్నాయి. ఆ మూడు రోజులూ నేను హాయిగా నిద్రపోయాను కూడా.

ఆదివారం పొద్దున్న పెద్దాయన గ్యారేజీలో కాటా ఆన్ చేసి, 500 మిల్లీగ్రాముల రాయి పెట్టాం. 7.7 గ్రెయిన్లు రావాలి. వచ్చింది. "చూశావా, బాగానే ఉంది" అన్నాడు. ఆగండి అన్నాను. రెండేసి నిమిషాలకోసారి రాయి తీసి, పెట్టి, స్ప్రెడ్‌షీటులో రాస్తూ కూర్చున్నాం. ఇరవై నిమిషాలకి 7.5. ఈలోగా బయట ఎండ ముదిరి ఏసీ మొదలైంది. నలభై నిమిషాలకి 7.2. రాయి తీసేస్తే, ఏమీ లేని గిన్నెకి సున్నా కంటే అర గ్రెయిను తక్కువ చూపిస్తోంది.

అర్థమైంది కదండీ? కాటా తక్కువ చూపిస్తోందంటే, తెర మీద సరైన అంకె వచ్చేదాకా మనిషి ఎక్కువ పోస్తాడు.

పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. లేచి వెళ్ళి అలమరలోంచి ఒక ప్లాస్టిక్ పెట్టె తెచ్చాడు. యాభై తూటాలు, అయిదు వరసలు, వరసకి పది. ముందురోజు మనవడి కోసం చేసినవి, ఆయన రివాల్వరువి. ఆయన పద్ధతేమిటంటే, మందు కొలిచే డ్రమ్ముతో పోసుకుంటూ వెళ్తాడు, ప్రతి పదోదీ కాటా మీద తూచి చూస్తాడు.

ఆ డ్రమ్ము మన సోలా తవ్వా లాంటిదే, బరువు కాదు, పరిమాణం కొలుస్తుంది. మా నాయనమ్మ బియ్యం సోలతో కొలిచేటప్పుడు గమనించేదాన్ని నేను మర్చిపోలేదు. మెల్లగా పోస్తే ఒకలా పడతాయి, కొట్టి పోస్తే ఇంకోలా పడతాయి, తలకొట్టు వేరు, తలగొప్పు వేరు. అలాగే గుండ్రటి రవ్వల మందు డ్రమ్ములోంచి చక్కగా జారుతుంది, పుల్లల్లాంటి మందు అడ్డం పడుతుంది. అందుకే పరిమాణాన్ని ఎప్పటికప్పుడు బరువుతో సరిచూసుకోవాలి. 1983 జులైలో ఎయిర్ కెనడా విమానం ఒకటి ఆకాశంలో ఇంధనం అయిపోయి, గిమ్లీ అనే చోట పాత ఎయిర్‌ఫోర్సు రన్‌వే మీద గ్లైడరులా దిగింది. లీటర్లని బరువులోకి మార్చేటప్పుడు కిలోల లెక్క వాడాల్సిన చోట పౌన్ల లెక్క వాడారు. అదృష్టం కొద్దీ అందరూ బతికారు.

పెద్దాయన సరిచూసుకున్నాడు, పాపం. సరిచూసుకున్న కొలబద్దే జరిగిపోయింది. ప్రతి పదోదీ తూచడం, తక్కువ చూపించిందని డ్రమ్ము మర కాస్త తిప్పి పెంచడం. జాగ్రత్తగా ఉన్నందుకే తప్పు పెరుగుతూ పోయింది. అసలు తూచకుండా ఉండుంటే మొదటి వరస లాగానే యాభై వచ్చేవేమో!

అప్పుడు ఆయన ఒక్కో తూటాని సుత్తిలాంటి పరికరంలో పెట్టి కొట్టి గుండు ఊడదీస్తూ, మందు పాత ముల్లు త్రాసు గిన్నెలో పోస్తూ వచ్చాడు. నేను ముల్లు చదివి అంకె చెప్తూ, రాసుకుంటూ వచ్చాను. ముందు త్రాసుని మన రాళ్ళతో సరిచూశాం, ముల్లు ఠక్కున గీత మీద నిలబడింది. మొదటి వరస అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండో వరసకి ఒక పదో వంతు ఎక్కువ. అలా అలా పెరుగుతూ, చివరి రెండు వరసలు పుస్తకంలో గరిష్ఠం అని రాసినదాన్ని దాటిపోయాయి. తుపాకీ పేలిపోయేదా, పిల్లాడి చెయ్యి పోయేదా అంటే నేను చెప్పలేను, పోకపోనూవచ్చు. ఆయన మాత్రం నలభయ్యో తూటా దగ్గర ఆగి చేతులు రెండూ బల్ల మీద పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాడు. ఆయన చేతులు వణకడం అప్పుడే చూశాను. తర్వాత మిగతా పది కూడా ఊడదీశాడు, తెలిసిన సంగతే కదా అని వదిలెయ్యలేదు.

అమ్మ ఫోను వచ్చింది సరిగ్గా ఆ సమయంలోనే.

మనకో సామెత ఉంది కదా, గురివింద గింజ తన కింద నలుపు ఎరగదట అని. కాటా కూడా అంతే. తన తప్పు తాను చెప్పుకోలేదు. మా తాతగారికి ఊళ్ళో చిల్లర కొట్టు ఉండేది. అనుమానం వచ్చిన గిరాకీ ఎవరైనా "రాయి అటు పెట్టి సరుకు ఇటు పెట్టవయ్యా" అంటే తాతయ్య నొచ్చుకునేవాడు కాదు. సిబ్బెలు మార్చి తూచేవాడు. పాసంగం ఉందో లేదో అక్కడే తేలిపోయేది. త్రాసుని అనుమానించడం కొట్టువాణ్ణి అవమానించడం కాదని ఆయనకి తెలుసు. మనకి తెర మీద అంకె వెలిగితే చాలు, అందులోనూ చుక్క తర్వాత రెండంకెలుంటే ఇక దేవుడు చెప్పినట్టే.

సరే, ఇక కొనే సంగతి. నా అభిప్రాయం అడిగితే మొదట కొనాల్సింది కాటా కాదు, తూనిక రాళ్ళు. అదీ మనం తూచే బరువుకి దగ్గరగా ఉన్నవి. ఇక్కడి ఐదు సెంట్ల నాణెం సరిగ్గా ఐదు గ్రాములుండాలి, కానీ వాడి అరిగిన నాణేన్ని నమ్మి పదో వంతు గ్రెయిను తూచలేం. రాళ్ళని చేత్తో పట్టుకోకూడదు, చమురు అంటుతుంది, చిమటాతో పట్టుకోవాలి. రెండోది ఒక మంచి కాలిపరు. తూటా పొడవు, కేసు పొడవు అంగుళంలో వెయ్యో వంతు దాకా కొలవాలి. గుండు మరీ లోపలికి దిగితే మందుకి చోటు తగ్గి లోపల పీడనం పెరుగుతుంది, కాబట్టి పొడవు కూడా బరువంత ముఖ్యమే. చవక కాలిపర్లు బాటరీ తగ్గితే పిచ్చి అంకెలు చూపిస్తాయి, ప్రతిసారీ మూసి సున్నా చూసుకోవాలి. మూడోది కాటా. ఎలక్ట్రానిక్ అయితే అరగంట ముందు ఆన్ చేసి, గిన్నె ఎత్తినప్పుడల్లా చూపించే మైనస్ అంకె మారుతోందేమో గమనిస్తూ, పదింటికోసారి రాయి పెట్టి చూసుకోవాలి.

నాలుగోది డబ్బులతో కొనేది కాదు. ఒకే కేసులో రెండుసార్లు మందు పడితే ఏ కాటా పట్టుకోదు. తయారైన తూటాని తూచి కనిపెడదామన్నా కుదరదు, ఇత్తడి కేసుల బరువుల్లోనే చిన్న పిస్తోలు మందు కంటే ఎక్కువ తేడా ఉండొచ్చు. గుండు పెట్టేముందు టార్చి వేసి ప్రతి కేసులోకీ తొంగిచూడటం ఒక్కటే మార్గం.

చివరికి ఏం కొన్నామో తెలుసా? ఏమీ కొనలేదు! నా పాత ఫోనుకి ఒక స్టాండు పెట్టి, కెమెరా ముల్లు త్రాసు గీత మీద దగ్గరగా పెట్టి, ఆ బొమ్మ పెద్ద మానిటరు మీద చూపించాను. ఇప్పుడు సన్నగీత ఆయనకి రోడ్డు మీద చారంత కనబడుతోంది. ఫోను మాత్రం త్రాసుకి జానెడు దూరంలో, తగలకుండా. ముప్ఫై ఏళ్ళ త్రాసు, మూడేళ్ళ కింద మూలన పడేసిన ఫోను, రాళ్ళ పెట్టె. అంతే ఖర్చు. ఆ చవక కాటా వాళ్ళావిడ వంటింట్లోకి పోయింది, పిండి తూచుకోవడానికి.

శనివారం నేను రేంజికి వెళ్ళలేదు. సాయంత్రం ఆయన ఫోటో పంపాడు. చిల్లులు పడ్డ కాయితం పట్టుకుని పిల్లాడు నవ్వుతున్నాడు. నాకు సంతోషం వేసింది. ఎందుకు వేసిందో అని కాసేపు ఇబ్బందీ పడ్డాను. తుపాకులంటే ఇప్పటికీ నాకు ఇష్టం లేదు. కానీ ఆ పిల్లాడి పది వేళ్ళూ ఆ ఫోటోలో లెక్కపెట్టుకున్న మాట నిజం.

ఆ రాత్రి అమ్మకి అంతా చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "కొలిచేవాడివి కొలువు నాన్నా. కాల్చే జోలికి మాత్రం పోకు" అంది. ఆ తర్వాత, "మీ నాన్నగారి బీపీ మిషను కూడా ఈమధ్య రోజూ ఒకటే అంకె చూపిస్తోందిరా, బాగానే ఉందంటావా?" అని అడిగింది.

నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఆ మిషను కూడా పట్టుకెళ్ళి పక్కపక్కన చూపించమన్నాను. మీ ఇంట్లో కూడా ఏదో ఒక అంకెని నమ్ముకుని ఉంటారు కదా, దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారో ఒక్కసారి ఆలోచించండి :)